పది మిల్లీమీటర్ల మొహమాటం

కర్నూలు శివార్లలోని ఒక కార్ల కంపెనీలో వేదాద్రి అనే చీఫ్ ఇంజనీరు ఉండేవాడు. పనిలో దిట్టే గాని, ఎదుటి మనిషి ముఖం చూస్తూ కుదరదని చెప్పడం మాత్రం ఆయనకు చేతకాదు. పెళ్లి విందులో వడ్డించేవాడు నొచ్చుకుంటాడని ఆరో బూరె కూడా తినేసి, రెండు రోజులు సెలవు పెట్టిన ఘనుడు. అలాంటి మనిషి చేతిలో కంపెనీ ఒక కొత్త కారు పెట్టింది.

అది బయటికి చిన్న కారు, లోపల పెద్ద కార్ల హంగులన్నీ ఉండాలి. పాతబస్తీ సందుల్లో తిరగాలి. వెనక తలుపు ఎత్తితే ఊరికెళ్లే సామానంతా పట్టాలి. సీట్లు మెత్తగా ఉండాలి, దారిన పోయేవాళ్లు ఆగి చూడాలి. వీటన్నిటికీ మించి ఇంకో షరతు ఉంది. కారు పొడవు నాలుగు మీటర్లు దాటకూడదు. దాటితే అది చిన్న కార్ల జాబితాలో ఉండదు. పన్ను పెరుగుతుంది, ధర పెరుగుతుంది, అంత పెట్టి ఆ కారును ఎవరూ కొనరు.

దసరాకి ఈ కారు బజారులోకి వస్తే ఫ్యాక్టరీలో రెండో షిఫ్టు మొదలుపెడతామని యాజమాన్యం మాట ఇచ్చింది. ఆ షిఫ్టు కోసం చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు రెండు వందల మంది ఆరు నెలలు పని నేర్చుకుని, పిలుపు ఎప్పుడొస్తుందా అని కాచుకుని ఉన్నారు.

కారు పొడవు కాపాడే బాధ్యత సువర్చలది. ఏ భాగం ఎంత ముందుకు వచ్చింది, ఎంత వెనక్కి పోయింది అన్న లెక్కంతా ఆమె దగ్గరుండేది. డ్రాయింగు ప్రకారం కారు నాలుగు మీటర్లకు సరిగ్గా పది మిల్లీమీటర్లు తక్కువ.

"ఈ పదీ మిగులు అనుకోకండి సార్," అని ఆమె మొదటి రోజే చెప్పింది. "రేకులు అతికి, బంపర్లు బిగించాక ఏ రెండు కార్లూ అచ్చు ఒకేలా రావు. ఒక కారు రెండు మిల్లీమీటర్లు తక్కువొస్తుంది, ఇంకోటి మూడు ఎక్కువొస్తుంది. ఆ తేడా కోసం ఉంచిన చోటు ఇది. దీని జోలికి ఎవరూ రాకూడదు."

"ఎవరొస్తారమ్మా," అన్నాడు వేదాద్రి.

నెల తిరక్కుండా కోటిలింగం వచ్చాడు. ఆయన బంపర్ల విభాగానికి పెద్ద. వేదాద్రి ఉద్యోగంలో చేరిన కొత్తలో పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పినవాడు. మట్టితో చేసిన, అసలు కారంత నమూనా చుట్టూ రెండుసార్లు తిరిగి, ముందు వైపు ఆగాడు.

"ఏమప్పా వేదాద్రీ, మన బండికి ముక్కు చట్టిగా ఉండాది. నాలుగంటే నాలుగు మిల్లీమీటర్లు ముందుకు లాగనీ. రాజాలాగుంటాది."

వేదాద్రి సువర్చల వైపు చూశాడు. సువర్చల అడ్డంగా తల ఊపింది. అయినా ఆయన కోటిలింగం వైపు తిరిగి, "మీరు అడిగితే కాదంటానా," అన్నాడు. కోటిలింగం వెళ్లాక సువర్చలతో, "పెద్దాయన, నొచ్చుకుంటారమ్మా. ఇంకా ఆరు ఉన్నాయిగా," అన్నాడు. సువర్చలకు ఒళ్లు మండింది. అయినా లెక్క దిద్దింది. అది ఆమె చేసిన తప్పు, కథలో చెప్పకపోతే అన్యాయమవుతుంది.

మర్నాడు ఆమె ఒక కాగితం మీద 'మిల్లీమీటర్లు రేపు' అని పెద్ద అక్షరాలతో రాసి, కిరాణా కొట్టులో 'అప్పు రేపు' అని పెట్టినట్టు, వేదాద్రి గది తలుపుకు అంటించింది. అందరూ చదివి నవ్వుకున్నారు. వేదాద్రి కూడా నవ్వాడు. వారం తిరక్కుండా ఆ తలుపు తోసుకుని శేషఫణి లోపలికి వచ్చాడు.

శేషఫణి దీపాల విభాగంలో ఇంజనీరు, వేదాద్రికి వరసకు బావమరిది. వెనక ఈ చివర నుంచి ఆ చివరి దాకా వెలిగే ఎర్ర దీపాల పట్టీ అతని కల. ఆ పట్టీ కాస్త ఉబ్బెత్తుగా ఉంటే తప్ప వెలుగు సమంగా పరుచుకోదట.

"మూడు మిల్లీమీటర్లు బావా. అక్కతో కూడా చెప్పాను, మన కారు వెనక నుంచి చూస్తే దీపావళే అని."

"అక్కతో ఎందుకు చెప్పావురా," అన్నాడు వేదాద్రి నీరసంగా. కాదంటే ఇంట్లో ఆ పూట భోజనం దగ్గర ఏం జరుగుతుందో ఆయన కళ్లకు కట్టింది. మూడూ ఇచ్చేశాడు.

సువర్చల ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి కుర్చీలో కూలబడింది. భర్త బల్ల మీద పళ్లెం పెడుతూ, "కాస్త అటు జరుగు," అన్నాడు. "ఒక్క మిల్లీమీటరు కూడా జరగను," అని గయ్యిమంది. ఆయన పళ్లెం పట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయాడు.

ఇక మిగిలింది మూడు. ఆ మూడింటి కోసం ముంబై నుంచి అమ్మకాల విభాగం అధిపతి మంజువాణి విమానం ఎక్కి వచ్చింది. ఆవిడ అడగలేదు, పొగిడింది. ఇంత అందమైన చిన్న కారు తాను చూడలేదంది. ముందు వైపు కంపెనీ గుర్తు ఇంకాస్త పైకి తేలి ఉంటే ఖరీదైన కారులా కనిపిస్తుందంది. "మీరు కాదనరని తెలిసే ఇంత దూరం వచ్చాను వేదాద్రి గారూ," అంది. అంత మాటన్నాక ఇక ఆయన కాదంటాడా? ఒకరికి ఇచ్చిన సంగతి ఇంకొకరికి తెలియదు. ఎవరికి వారు, అడిగింది తామొక్కరమే అనుకున్నారు.

కారు భాగాలు పోసే ఉక్కు అచ్చులు తయారు చేసే ముందు పొడవు పత్రం మీద సువర్చల సంతకం కావాలి. వేదాద్రి కాగితం పట్టుకుని తానే ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు.

"చూడమ్మా, సరిగ్గా నాలుగు మీటర్లు. ఒక్క మిల్లీమీటరు దాటలేదు. అందరూ సంతోషంగా ఉన్నారు."

"కాగితం దాటలేదు సార్. కారు దాటుతుంది."

"దాటకపోవచ్చు కూడా కదా. నా మాట మీద పెట్టమ్మా. నీకు అన్నలాంటివాణ్ణి."

సువర్చలకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. ఇన్నాళ్లూ ఆయన అందరి ముందూ తలొంచుకుంటూ వచ్చాడు. ఇప్పుడు తనూ ఆయన ముందు తలొంచుకుంటే ఈ ఆఫీసులో కాదనేవాళ్లు ఒక్కరూ మిగలరు.

"అన్న కాబట్టే చెప్తున్నాను. నేను పెట్టను," అంది.

వేదాద్రి ముఖం చిన్నబుచ్చుకున్నాడు. ఆ పక్కనే నిలబడి, చీఫ్ ఇంజనీరు హోదాలో ఆమె సంతకం చోట తనదే పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత పదిహేను రోజులు ఆమెతో సరిగా మాట్లాడలేదు. అందరికీ సరే అనే మనిషికి, తనకు ఒకరు కాదంటే మాత్రం ఎంత పొడుచుకొచ్చిందో చూడండి.

ఆగస్టులో మొదటి కారును పరీక్షా కేంద్రానికి తీసుకెళ్లారు. చూడముచ్చటగా ఉంది. కొలతలు తీసే అధికారి కళ్లజోడు తుడుచుకుని, ముందొక పలక, వెనకొక పలక నిలబెట్టి, మధ్యలో టేపు పట్టాడు. చదివి, మళ్లీ కొలిచాడు. మూడోసారి కూడా కొలిచాక, "నాలుగు మీటర్ల రెండు మిల్లీమీటర్లు," అన్నాడు.

సువర్చల కళ్లు మూసుకుంది. వేదాద్రి ఒకడుగు ముందుకు వేశాడు.

"రెండు మిల్లీమీటర్లే కదండీ. మీరు తలుచుకుంటే..."

"నాకైతే మొహమాటం ఉంటుంది సార్. టేపుకు ఉండదు," అన్నాడు అధికారి, పాపం నొచ్చుకుంటూనే.

రెండు మిల్లీమీటర్లంటే గోకితే పోయేది కాదు. బంపర్ల ఉక్కు అచ్చులు మళ్లీ చెయ్యాలి. దీపాల పట్టీ మళ్లీ గియ్యాలి. అన్నీ సరిచేసి మళ్లీ పరీక్షకు రావాలంటే ఆరు నెలలు. ఈలోగా ఇంకో కంపెనీ అలాంటి కారే తెచ్చేసింది. దసరాకి జనం దాని ముందు వరస కట్టారు.

యాజమాన్యం అందర్నీ పిలిచి కూర్చోబెట్టింది. దీపాల వల్ల కాదన్నాడు శేషఫణి, తనది మూడే అన్నాడు. గుర్తు వల్ల ఎలా అవుతుందంది మంజువాణి. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో చేపలు మాత్రం మాయం. వేదాద్రి ఆశగా కోటిలింగం వైపు చూశాడు.

ముసలాయన మాత్రం, "అడిగితినప్పా, కాదనను," అన్నాడు. "అడగడం నా పని. నా బంపరు బాగుండాలని నేను అడుగుతా. కుదరదని చెప్పడం నీ పని. ఆ రోజు చెప్పింటే ఒక పూట అలిగి, మర్నాడు నీతోనే టీ తాగుతుంటి. నువ్వు నా మనసు చూస్తివి గాని, కారును చూడలేదు."

రెండో షిఫ్టు రద్దయింది. ఆ సంగతి పని నేర్చుకున్నవాళ్లకు నువ్వే చెప్పు అని వేదాద్రితో అంది యాజమాన్యం. సువర్చల తోడు వెళ్లింది.

గేటు దగ్గర ముందు నిలబడింది హుసేనమ్మ. ఓర్వకల్లు నుంచి రోజూ రెండు బస్సులు మారి వచ్చి కారు లోపల వైర్లు బిగించడం నేర్చుకుంది. ఈ ఉద్యోగం వస్తుందని ఊళ్లో కుట్టుపని మానేసింది. వేదాద్రిని చూడగానే దండం పెట్టింది.

"సార్, దసరా అయిపోయింది. ఎప్పుడు రమ్మంటారు?"

వేదాద్రి ఆమె ముఖంలోకి చూశాడు. చూద్దాంలే అనో, త్వరలో అనో నోటి దాకా వచ్చింది. సువర్చల పక్కనే ఉండి, ఈసారి కూడా అదే అంటాడేమోనని పళ్లు బిగపట్టింది.

"లేదమ్మా," అన్నాడు వేదాద్రి. "మీకు పని లేదు. తప్పు నాది."

"మేమేం చేశాం సార్?" అంది హుసేనమ్మ. అడిగిన ముగ్గురికి చెప్పలేని మాట, వేదాద్రి ఆ సాయంత్రం ఏమీ అడగని రెండు వందల మందికి ఒక్కొక్కరికీ చెప్పాల్సి వచ్చింది.

నీతి: కాదనవలసిన చోట మొహమాటపడి సరే అంటే, ఆ కాదన్న మాట చివరికి ఏ పాపమూ ఎరగనివాళ్ల నెత్తిన పడుతుంది.