కొండ మీద చేప

పిల్లలూ, అనగనగా యవనుల దేశంలో, సముద్రానికి చాలా దూరంగా ఒక కొండ అడవి. ఆ అడవికి రాజు ఏటోస్ అనే గద్ద.

"ఈ కొండ పుట్టిన రోజునే మా ముత్తాత దీని మీద వాలాడు. ఇది మా సొత్తు. ఇక్కడ గడ్డి మేయాలంటే ఏటా ఒక మేకపిల్లను నాకు ఆహారంగా ఇవ్వాలి," అనేది గద్ద. మేకలు ఏడుస్తూనే ఇచ్చేవి.

ఒక ఏడు మెలాన్ అనే ముసలి తాబేలు అక్కడికి వచ్చింది. తన ఊరు కాలిపోయాక అది దేశాలు పట్టుకు తిరుగుతోంది. ఏది కనబడినా "ఇదెలా వచ్చింది?" అని అడగడం దానికి అలవాటు.

ఆ ఏడు వంతు ఐగా అనే మేకది. పిల్లను దాచడానికి ఐగా ఒక బండ కింద గొయ్యి తవ్వుతోంది. గిట్ట తగిలి రాయి పలకలుగా విడిపోయింది. లోపల ఒక చేప! ముళ్లు, రెక్కలు, కంటి గుంట, అన్నీ రాయైపోయి ఉన్నాయి. చుట్టూ గవ్వలు.

"తాతా, చేప కొండెక్కుతుందా?" అని అడిగింది ఐగా.

మెలాన్ చాలాసేపు ఆ రాయినే చూసింది. "ఎక్కదమ్మా. నీళ్లే ఇక్కడిదాకా ఉండి ఉంటాయి. మనం నిలబడ్డ ఈ చోట, మన తలల మీద, ఒకప్పుడు సముద్రం ఉండేది."

ఐగా తలెత్తి ఆకాశంలోకి చూసింది. 

ఈ మాట గద్ద చెవిన పడింది. రివ్వున వచ్చి వాలింది.

"మా కంటే ముందు ఇక్కడ చేపలుండేవా? ఆ బొమ్మ ఎవరో చెక్కారని చెప్పు. లేకపోతే పైనుంచి పడేస్తాను!"

"నాకు అన్నీ తెలుసని అనను, రాజా," అంది మెలాన్. "కానీ చూసినదాన్ని చూడలేదని ఎలా చెప్పను?"

గద్ద దాన్ని గోళ్లతో పట్టుకుని పైకెగిరింది. చెట్ల కొసలు దాటాక, "చెప్పు, అది బొమ్మేనా?" అంది.

మెలాన్ కళ్లు గట్టిగా మూసుకుంది. "చేపే."

శిఖరం దాటాక గద్ద మళ్లీ అడిగింది. మెలాన్ తల డొప్పలోకి లాక్కుంది. "చేపే, రాజా."

మబ్బుల దగ్గర మూడోసారి అడిగింది. జవాబు రాలేదు. గద్ద వంగి చూసింది. మెలాన్ భయం మరిచిపోయి, మెడ బారుగా చాచి కిందికి చూస్తోంది.

"రాజా! మీ కళ్లు నా కళ్లకన్నా ఎంతో మేలు. కొండ నడుమున ఆ తెల్లటి చార ఏమిటో చెప్పండి!"

గద్ద రోజూ ఆ కొండ మీదే ఎగిరేది. కానీ మేకపిల్లల్ని తప్ప ఏమీ చూసేది కాదు. ఇప్పుడు చూసింది.

"గవ్వలు," అంది మెల్లగా. "అన్నీ గవ్వలే. పక్క కొండకీ ఉంది చార. ఆ వెనక కొండకీ..."

దాని రెక్కలు ఆడడం మానేశాయి. ఊరికే గాలిలో తేలింది. కింద కొండలు, లోయలు సముద్రం అడుగులా పరుచుకుని ఉన్నాయి. వాటి మీద దాని నీడ ఒక చిన్న చేపలా ఈదుకుంటూ పోతోంది.

"ఎంత కాలం కిందట, మెలాన్?"

"తెలియదు రాజా. నేనూ ఇంకా అడుగుతూనే ఉన్నాను."

గద్ద కిందికి దిగి, తాబేలును మెత్తటి గడ్డి మీద పెట్టింది. ఎదురుగా ఐగా పిల్లకు అడ్డంగా నిలబడి ఉంది.

"పిల్లను తీసుకుని ఇంటికి వెళ్లమ్మా," అంది గద్ద. "ఈ కొండ నాది కాదు."

నీతి: చూసినదాన్ని చూసినట్టు చెప్పే ధైర్యం, కళ్లున్న రాజుకి కూడా చూపునిస్తుంది.