కోట గుమ్మంలో రెండు గరుడలు

ఆస్థాన బండ్ల శిల్పి రుద్రాచారిగారు తన పాత "హంస" రకం బండికే కొత్త రంగు పూసి, కాడికి గంట కట్టి, "గరుడ" అని పేరు పెట్టారు. ఇకమీదట గరుడ బండ్లు తప్ప మరేవీ కోటలోకి రాకూడదని దివానుగారిచేత చాటింపు కూడా వేయించారు.

హంస బండి మీద కోటకి కుండలు తోలి బతికే నూకయ్య గుండెల్లో రాయి పడింది. "కొత్త బండి కనిపెట్టడానికి మనకంత బుర్రెక్కడిది? నా మాట వినేవి ఈ ఎద్దులే, అవీ మేత వేసినప్పుడే," అని నిట్టూరుస్తూనే బండికి రంగు పూశాడు, గంట కట్టాడు, మర్నాడు కోట గుమ్మం ముందు ఆపి "గరుడండీ" అన్నాడు.

అక్కడే కొత్త గరుడని దివానుగారికి చూపిస్తున్న రుద్రాచారి ఒక్క గెంతు గెంతారు. "దొంగవెధవా! రంగు పూసి గంట కడితే పాత బండి కొత్తదైపోతుందా?"

"నాకూ అదే అనుమానం బాబయ్యా. నేనంటే ఎవరు నమ్ముతారు? ఆ మాటేదో దివానుగారికి మీరే ఇంకోపాలి చెప్పండి."

దివానుగారు వంగి రెండు బండ్ల చక్రాలూ ఇరుసులూ చూశారు.

"తలుపులు తీయండ్రా! ఏ బండి వచ్చినా రానివ్వండి. ఆచారిగారిని మాత్రం ఆపండి, వారితో కాస్త పనుంది."