తుడిచేసిన గొంతు

చైతన్య కోపంగా వచ్చాడు. గురువుగారి గది తలుపు తట్టడం కూడా మరిచిపోయాడు.

వంశధార ఒడ్డున ఉన్న ఆ ఆశ్రమానికి ఒక చిన్న ఆస్పత్రి ఉంది. ఇప్పుడు ఆశ్రమాన్ని నడిపేది స్వామి ప్రశమానంద. సన్యాసం తీసుకోకముందు ఆయన సర్జన్. ఇప్పటికీ పుండ్లు, గాయాలు ఆయనే చూస్తారు. చైతన్య హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదులుకుని ఆయన దగ్గర శిష్యుడిగా చేరాడు. ఆస్పత్రి కంప్యూటర్ల పనంతా అతనిదే.

నర్సులకు ఫోన్లు కొనిచ్చే స్తోమత ఆస్పత్రికి లేదు. రోగుల రిపోర్టులు, గాయాల ఫోటోలు వాళ్ళు తమ సొంత ఫోన్లలోంచే డాక్టర్లకు పంపేవారు. అవి బయటివాళ్ళ చేతుల్లో పడకూడదని చైతన్య అందరి ఫోన్లలోనూ ఆస్పత్రి యాప్ పెట్టాడు. ఫోన్‌కు లాక్ ఉండి తీరాలన్నాడు. ఫోన్ పోతే వెంటనే తనకు చెప్పాలి. తను ఆఫీసులో కూర్చునే దాన్లో ఉన్నదంతా తుడిచేయగలడు.

కృపావతి అనే నర్సు ఆ లాక్ తీసేసింది. గ్లౌజులు వేసుకున్న చేత్తో మాటిమాటికీ తెరవడం ఆమెకు కుదరలేదు. నిన్న పొద్దున డ్యూటీకి వస్తూ ఫోన్ బస్సులో పోగొట్టుకుంది. ఆస్పత్రికి రాగానే తనే వచ్చి చెప్పింది, లాక్ లేదన్న సంగతితో సహా. చైతన్యకు ఒళ్ళు మండిపోయింది. ఎన్నిసార్లు చెప్పినా మీకు బుద్ధి రాదని కేకలేసి, ఆమెను వార్డుకు పంపేశాడు. ఆ వేడిలోనే ఫోన్ తుడిచేశాడు.

సాయంత్రం బస్సు కండక్టర్ ఆ ఫోన్ తెచ్చి ఇచ్చాడు. కృపావతి తెరిచి చూస్తే అప్పుడే కొట్లోంచి తెచ్చినట్టు ఖాళీగా ఉంది.

ఆమె భర్త లారీ డ్రైవర్. పోయిన వానాకాలంలో రోడ్డు ప్రమాదంలో చనిపోయాడు. బతికున్నప్పుడు దారిలో ఎక్కడ బండి ఆపినా ఆమెకు వాయిస్ మెసేజ్ పెట్టేవాడు. టెక్కలి దాటానని, టీ తాగుతున్నానని, పిల్ల పడుకుందా అని. ఆ మాటలు ఆ ఫోన్‌లో తప్ప ఇంకెక్కడా లేవు.

ఇవాళ పొద్దున్నే ఆమె చైతన్యను వరండాలో, రోగులందరి ముందూ నిలదీసింది.

"లాక్ తీసింది నేనే. తప్పు నాదే. రోగుల ఫోటోలు తీసేయండి, ఎవరొద్దన్నారు? మా ఆయన గొంతు మీకేం అడ్డమొచ్చింది?"

రూల్ ప్రకారమే చేశానన్నాడు చైతన్య. ఆ రూల్ పెట్టినవాళ్ళ ఇంట్లో ఎవరూ చచ్చిపోలేదా అని అడిగింది ఆమె. అతను అక్కణ్ణించి తిన్నగా గురువుగారి గదికి వచ్చాడు.

జరిగిందంతా చెప్పాడు. ఆ ఫోన్ ఏ దుర్మార్గుడి చేతిలోనో పడి ఉంటే రోగుల పరువు ఏమయ్యేదని అడిగాడు. అందరి ముందూ అలా అరిచిన మనిషిని డ్యూటీలోంచి తీసేయాలని, లేకపోతే రేపట్నించి తన మాట ఎవరూ వినరని అన్నాడు.

స్వామి అడ్డు చెప్పకుండా అంతా విన్నారు.

"ఆ రూల్ అందరికీనా?"

"అందరికీ స్వామీజీ."

స్వామి తన ఫోన్ తీసి బల్ల మీద పెట్టారు. నర్సులు పంపే గాయాల ఫోటోలు అందులో బోలెడున్నాయి. దానికీ లాక్ లేదు. ఇందాక ఓపీ బెంచీ మీద మరిచిపోతే ఎవరో తెచ్చి ఇచ్చారని చెప్పారు.

"తుడిచెయ్."

చైతన్య నవ్వబోయి ఆయన ముఖం చూసి ఆగిపోయాడు. గురువుగారికి అంత కోపం రావడం అతను ఎప్పుడూ చూడలేదు.

ల్యాప్‌టాప్ తెరిచాడు. ఫోన్ల వరుసలో స్వామి ఫోన్ కనబడింది. దాన్ని ఎంచుకున్నాక అతని వేలు ముందుకు కదల్లేదు.

ఆశ్రమం స్థాపించిన పెద్దస్వామి ఆఖరి రోజుల్లో మంచం మీంచి మాట్లాడిన మాటలు ఆ ఫోన్‌లో ఉన్నాయి. మధ్యమధ్య దగ్గు, మంచినీళ్ళు అడగడం, మళ్ళీ మాటలు. సాయంత్రాలు స్వామి అవి పెట్టుకుని వింటుంటే చైతన్య కూడా ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని వినేవాడు. వాటికి వేరే కాపీ లేదని అతనికి తెలుసు.

"కానియ్," అన్నారు స్వామి.

చైతన్య చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "మొత్తం తుడవక్కర్లేదు స్వామీజీ. ఆస్పత్రివి మటుకు తీసేస్తే సరిపోతుంది. మీ సొంతవి అలాగే ఉంటాయి."

"సరిపోతుందా?"

తెరమీద రెండు బటన్లు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి ఆస్పత్రివి మటుకే తీసేస్తుంది. ఇంకొకటి మొత్తం తుడిచేస్తుంది. నిన్న కూడా ఆ రెండూ అక్కడే ఉన్నాయి.

స్వామి ఫోన్ అక్కడే వదిలేసి వార్డుకు వెళ్ళిపోయారు.

చైతన్య ఆ ఫోన్‌లోంచి ఆస్పత్రి ఫోటోలు తీసేసి, లాక్ పెట్టాడు. నర్సుల ఫోన్లు వేటినీ ఇక మొత్తంగా తుడిచే వీలు లేకుండా మార్చాడు. ఆ తర్వాత లేచి వార్డుకు వెళ్ళాడు.

కృపావతి ఒక ముసలాయన కాలికి కట్టు కడుతోంది. చైతన్య మంచం పక్కన నిలబడి, ఆమె భర్త మాటలు పోకుండా కూడా ఫోన్ తుడవొచ్చని, ఆ సంగతి తనకు నిన్ననే తెలుసని చెప్పాడు.

ఆమె చెయ్యి ఆగింది. "తెలిసే చేశారా?"

"తెలిసే. మీ మీద కోపంతో చేశాను."

ఆమె కట్టు పూర్తి చేసింది. ముసలాయన కాలు మెల్లగా దిండు మీద పెట్టింది. అప్పుడు తలెత్తి చూసింది.

"నా ఎదట నిలబడకండి."

అతను బయటికి వచ్చాడు. వరండా చివర కుళాయి దగ్గర స్వామి చేతులు కడుక్కుంటున్నారు.

"చెప్పావా?"

"చెప్పాను స్వామీజీ. ఆవిడ కోపం ఇంకా ఎక్కువైంది."

"ఉండనీ," అన్నారు స్వామి.