రేకులో చిక్కిన రేవు

అనగనగా సముద్రం ఒడ్డున మకరపురి అనే రాజ్యం. దాన్ని ఏలేవాడు సాగరవర్మ. ఆయనకి ముగ్గురు కొడుకులు. ముగ్గురే ఎందుకని అడక్కండి, ఇలాంటి కథల్లో రాజులకి నాలుగోవాడు పుట్టడు. పెద్దవాడు భద్రసేనుడు బలశాలి. రెండోవాడు రుద్రసేనుడు చదువరి. మూడోవాడు మణిసేనుడు కొంటెవాడు. మంత్రిగారి తలపాగాలో పిచ్చుకగూడు పెట్టి, పిల్లలు ఎగిరిపోయేదాకా ఆయన్ని తల ఊపనివ్వని ఘనుడు.

మకరపురికి రేవే ప్రాణం. సముద్రం మీంచి వస్తుంటే కుడిచేతి వైపు దీపాలకొండ, ఎడమచేతి వైపు ఏరు సముద్రంలో కలిసే మొగ. నడుమనుంచి ఓడలు లోపలికొచ్చేవి. కొండ ఎటో, ఏరు ఎటో ఆ ఊళ్ళో పాలు తాగే పిల్లల్ని లేపి అడిగినా చెప్పేవాళ్ళు.

ఒకసారి రాజు దూరదేశం వెళ్ళి తిరిగొస్తుండగా ఆ రేవు కాస్తా మాయమైంది. కొండ లేదు, మొగ లేదు. తీరం పొడుగునా తెల్లటి మంచు గోడలా నిలిచింది. అవతల నుంచి రాజుగారి ఓడ శంఖం వినిపిస్తోంది, ఓడ మాత్రం ఒడ్డుకి రాలేదు. వెతకబోయిన పడవలకి శంఖం మోతే తప్ప ఓడ దొరకలేదు.

మంత్రి కళ్ళు తుడుచుకుని అన్నాడు: "ఇది తామ్రాక్షుడి పని, బాబూ. ఏడు సముద్రాల అవతల రాగిదీవిలో ఉంటాడు. రాగిరేకు మీద ఏ రేవు పటం చెక్కితే ఆ రేవు వాడి రేకులోకి పోతుంది. ఓడలో మంచినీళ్ళు అయిపోకముందే దాన్ని తేవాలి."

పెద్దవాడు కత్తి పట్టుకుని వెళ్ళాడు, రాలేదు. రెండోవాడు శాస్త్రాలు వల్లించుకుంటూ వెళ్ళాడు, రాలేదు. శంఖం మోత రోజురోజుకీ నీరసపడుతోంది. మూడోవాడు ఉత్త చేతులతో బయల్దేరాడు.

ఒడ్డున ఒక ముసలి తాబేలు ఏడుస్తోంది.

"ఏం అవ్వా, ఇల్లు వీపునే ఉందిగా? ఇంకేం పోయిందని?"

"వీపు మీద ఇల్లుంటే సరా నాయనా! నేను పుట్టిన ఇసుకలోనే గుడ్లు పెట్టాలి. ఆ ఇసుక మీ రేవు పక్కన ఉండేది. ఇప్పుడు ఎంత ఈదినా దొరకదే!"

మణిసేనుడి నవ్వు ఆగిపోయింది. "అయితే మనిద్దరి ఏడుపూ ఒకటే. నన్ను ఎక్కించుకో అవ్వా."

ఉప్పు సముద్రం దాటారు. చెరకురసం సముద్రం దాటారు. కల్లు సముద్రంలో "వాసన కూడా చూడకు" అంది తాబేలు. నేతిలో జారారు, పెరుగులో నానారు, పాలల్లో తేలారు. ఏడోది మంచినీళ్ళ సముద్రం. దాహంతో దోసిలి ముంచాడు. ఓడలో ఉన్న తండ్రి గుర్తొచ్చాడు. నీళ్ళు వేళ్ళ సందుల్లోంచి కారిపోయాయి.

రాగిదీవిలో తామ్రాక్షుడి ఇంటి గోడలనిండా రాగిరేకులు. ఒక్కో రేకులో ఒక్కో రేవు. గుమ్మానికి అటూ ఇటూ రెండు రాతి బొమ్మలు, అన్నలిద్దరూను! లోపల ఒక అమ్మాయి రేకుల గీతల్లో సిరా నింపుతోంది. పేరు వారుణి. తన ఊరి రేవుని వెతుక్కుంటూ వచ్చి బందీ అయిన రాకుమార్తె.

తామ్రాక్షుడు రెండు రేకులు ముందుకి తోశాడు. "నీ రేవు ఒకదాన్లో ఉంది. చెప్తే నీది. తప్పితే మీ అన్నల పక్కన నిలబడు."

ఒకదాన్లో కొండ కుడివైపు, ఏరు ఎడమవైపు. అచ్చం మకరపురే! రెండోదాన్లో అంతా తారుమారు. మణిసేనుడి చెయ్యి మొదటిదాని మీదికి పోయింది. అన్నలూ చేతులు అలాగే చాచి రాళ్ళయ్యారని చూసి, ఆగాడు. గుండె దడదడలాడుతుంటే వాడికి నోరు ఊరుకోదు.

"ఏవమ్మా రాకుమారీ, ఆ చేతులేంటి? మసికుండలు తోమొచ్చావా?"

రేకుల సంగతి పెదవి దాటితే ఆమె కూడా రాయే. అందుకే లేచి వచ్చి, సిరా చెయ్యి వాడి తెల్లటి ఉత్తరీయం మీద ఫట్‌మని అద్ది, ఆ అరచెయ్యి అలాగే వాడి ముందు తెరిచి నిలబడింది.

వాడు చెయ్యి చూశాడు, మచ్చ చూశాడు. చేతికి బొటనవేలు ఇటుంది. మచ్చలో అటుంది.

పటం రేకులో చూసుకునేది కాదు, బట్ట మీద అద్దుకునేది!

మణిసేనుడు తారుమారు రేకు మీద ఉత్తరీయం పరిచి నొక్కాడు. తీసి చూస్తే కుడివైపు కొండ, ఎడమవైపు ఏరు.

"ఇదే మా రేవు!"

ఆ మాటకి రేకు మూల చెక్కిన పంజరంలో చిలక కళ్ళు తెరిచింది. "ఈ రేకుని ఎవరూ ఎంచరన్న ధీమాతో తామ్రాక్షుడు తన ప్రాణాన్ని నాలో దాచాడు. నాకు రెక్కలున్నాయని నేనే మరిచిపోయాను. మూడు ఊచలు చెరిపెయ్, నాయనా."

రాగిని నునుపుచేసే ఉక్కుకడ్డీ వారుణి అందించింది. వాడు మొదటి ఊచ రుద్దాడు. "బంగారం ఇస్తాను!" అని కేకేశాడు తామ్రాక్షుడు. రెండోది రుద్దాడు. "రేవులన్నీ నీకే ఇస్తాను!"

మూడోదాని మీద కడ్డీ పెట్టేసరికి ఆ ముసలాడు నేలమీద కూలబడ్డాడు. "ఒకప్పుడు తుఫానులో చిక్కి ఎన్ని రేవుల ముందు మొత్తుకున్నానో! ఏ రేవూ నన్ను రానివ్వలేదు. అందుకే అన్నిటినీ గోడకి తెచ్చుకున్నాను."

మణిసేనుడు కడ్డీ ఆపాడు. "తాతా, నీకు అన్యాయం జరిగింది. కానీ మా నాన్న ఇప్పుడు నీళ్ళమీదే ఉన్నాడు. ఆయన్ని రానివ్వనిది నువ్వే."

కళ్ళు మూసుకుని మూడో ఊచ రుద్దేశాడు. చిలక రేకులోంచి లేచి, ఆకాశంలో చుక్కంతై, కనపడకుండా పోయింది. తామ్రాక్షుడు నిద్రపోయినట్టు ఒరిగిపోయాడు. రేవులన్నీ రేకులు వదిలి తమ తమ తీరాలకి వెళ్ళిపోయాయి. రాళ్ళయిన అన్నలు కదిలారు. నలుగురూ ముసలాణ్ణి దహనం చేసి, చితాభస్మం మూటగట్టుకుని తాబేలెక్కారు.

మకరపురి మంచు విడిపోయింది. తాబేలవ్వ తను పుట్టిన ఇసుక చేరుకుంది. రాజు ఓడ రేవులోకి వచ్చింది. పెదవులు పగిలి, ఎముకలగూడైన సాగరవర్మని కొడుకులు చేతులమీద దించారు. మణిసేనుడు ఏటినీళ్ళు దోసిలిపట్టి తాగించాడు. కొంటెవాడి నోట ఒక్క చమత్కారం రాలేదు.

తరవాత పెళ్ళి. వారుణికి సిరా ఇంకా వదల్లేదని పీటల మీద వాడు అననే అన్నాడు, వీపున ఒకటి తినే తిన్నాడు. రాజు ముసలివాడయ్యాక వాళ్ళిద్దరూ చాలా కాలం ఏలారు. వాళ్ళ మొదటి ఆజ్ఞ ఇది: తుఫానులో వచ్చిన ఓడ ఎవరిదైనా, ఏ దేశానిదైనా, పేరు అడక్కుండా రేవులోకి రానివ్వాలి. ఆ రేవు గట్టునే, అందరికంటే ముందుగా, తామ్రాక్షుడి చితాభస్మానికి చోటిచ్చారు.

కథ ఒడ్డుకి చేరింది. ఇక పడవ దిగండి.