పోతే ఇస్తాం

"పోతే ఇస్తాం! ఫోను పోతే ఫోను ఇస్తాం!"

కేక వీధి మొదట్లో పుట్టింది. మద్దిచెట్ల వరుస పొడుగునా సాగి, వాగు ఒడ్డున పొయ్యి ఊదుకుంటున్న మంగతాయి చెవిన పడింది. ఊదుగొట్టం పక్కన పెట్టి ఆమె తల ఎత్తింది.

ఆ వీధి గురించి మీకు ముందు చెప్పాలి. అది ఉన్నది నల్లమద్ది అడవిలో. అడవికి నడుమ గులకవాగు పారుతుంది. వాగుకు ఇటువైపు ఉన్నది ఒకటే వీధి. ఆ వీధిలో ఎలుగుబంటి అప్పలకొండ ఉంటాడు, కోతి వీరాస్వామి ఉంటాడు. వీధి చివర, సరిగ్గా నీళ్ల అంచున, నీటికుక్క మంగతాయి తన ఇద్దరు పిల్లలతో ఉంటుంది. ఇక కేక వేస్తూ వస్తున్నది గోరింక సుబ్బరత్నం. కొండ అవతల కొంగల కంపెనీలో కొత్తగా చేరింది. ఆ కంపెనీ వాళ్లు ఫోనులకు బీమా చేస్తారు. నెలకో బుట్ట సారపప్పు మనం వాళ్లకిస్తే, మన ఫోను పోయిన రోజున వాళ్లు మనకు ఫోను ఇస్తారు. అదీ బేరం.

మంగతాయి పని భోజనాలు అందించడం. వాగు అవతల జింకలు, కుందేళ్లు, ముళ్లపందులు పొద్దస్తమానం పనుల్లో ఉంటాయి. వంటకు తీరిక ఉండదు. అవి ఫోను చేసి చెబుతాయి, ఈమె వండుతుంది, క్యారియర్లు నెత్తిన పెట్టుకుని వాగు ఈది అందిస్తుంది. జొన్న సంగటి, చింతచిగురు పప్పు, చేమదుంపల పులుసు. ఆ పులుసు ఘుమఘుమలకు అవతలి ఒడ్డు కుందేళ్లు ముక్కుతో పాటు చెవులు కూడా నిక్కబొడుచుకునేవి.

అంటే ఆమె పొయ్యి వెలగాలంటే ఫోను మోగాలి. కిందటి వానాకాలం పాత ఫోను నీళ్లలో మునిగి మూగబోయింది. కిందామీదా పడి ఇంకోటి కొనుక్కునేదాకా పొయ్యి వెలగలేదు. వరద వాగులో చేపలూ దొరకలేదు. పిల్లలిద్దరూ పచ్చి దుంపలు నమిలి పడుకున్నారు.

సరే, వీధంతా గోరింక చుట్టూ చేరింది. అందరికన్నా ముందు దూకినవాడు వీరాస్వామి. వాడి ఫోను పెద్దది, వీపు మీద నెమలికంఠం రంగు.

"పోతే ఇస్తారు కదా?" అన్నాడు.

"పోతే ఇస్తాం," అంది గోరింక.

అంతే, బుట్ట తెచ్చి కుమ్మరించాడు. ఇక తన ఫోనుకు తిరుగులేదని వీధి ఈ చివరి నుంచి ఆ చివరిదాకా తోక ఎత్తుకుని నడిచాడు.

మంగతాయి తొందరపడలేదు. గోరింకకు పీట వేసింది. చల్లటి నన్నారి నీళ్లు ఇచ్చింది. అది రెండు గుక్కలు తాగాక నెమ్మదిగా అడిగింది.

"అమ్మా సుబ్బరత్నం, పోతే ఇస్తామంటున్నావు. పోవడమంటే ఏ పోవడం?"

గోరింక నోట్లో నీళ్లు నోట్లోనే ఆగిపోయాయి. "పోవడమంటే పోవడమే కదా వదినా."

"అలా ఎలా అవుతుంది? పగిలీ పోతుంది, తడిసీ పోతుంది. దొంగ ఎత్తుకుపోతాడు. ఎక్కడో పెట్టి మనమే మరచిపోతాం. వయసైపోయి కూడా పోతుంది, మా అత్తగారిలాగా. వీటిలో దేనికిస్తారు?"

వీరాస్వామి కొమ్మ మీద నుంచి పకపకా నవ్వాడు. "అక్కా, నువ్వు ఫోనుకు బీమా కడుతున్నావా, పెళ్లి సంబంధం చూస్తున్నావా? ఇంకాసేపుంటే తాతముత్తాతల పేర్లు కూడా అడిగేలా ఉన్నావు."

గోరింక మాత్రం నవ్వలేదు. దాన్నీ మెచ్చుకోవాలి, అబద్ధం ఆడే రకం కాదు. కేక వెయ్యమన్నారు, వేసింది. అడిగితే దాచేది కాదు, కానీ ఇంతవరకు అడిగినవాళ్లే లేరు. రెక్క సర్దుకుని, ఒక్కొక్కటీ గుర్తు చేసుకుంటూ చెప్పింది.

"పగిలిపోతే ఇస్తాం. తడిసిపోతే ఇస్తాం. దొంగ ఎత్తుకుపోతే ఇవ్వం. మరచిపోతే ఇవ్వం. పాతబడిపోతే ఇవ్వం."

ఇంకా ఉన్నాయి. పాడైన ఫోనును కళ్లారా చూపించాలట. వాళ్లిచ్చేది కొత్తది కాదట, బాగుచేసినదట. అది తీసుకునే రోజున పైన ఇంకో బుట్ట ఇవ్వాలట.

"నీ కేకలో ఇవేవీ లేవే," అన్నాడు అప్పలకొండ.

"ఇవన్నీ కేక వేస్తే నా గొంతు పోతుంది మామయ్యా. దానికి బీమా లేదు."

మంగతాయి నవ్వి, పులుసు చిక్కబడేలోపు ఏ సంగతో చెబుతానని పొయ్యి దగ్గరకు వెళ్లింది. గరిటె తిప్పుతూ ఆలోచించింది. ఆ ఆలోచన ఎంత ముచ్చటైనదో వినండి.

నా ఫోను పోతే ఎలా పోతుంది, అనుకుంది ముందు. రోజూ మెడలో వేసుకుని వాగు ఈదుతాను, పోతే నీళ్లలోనే పోతుంది. ఆ పోవడానికి వీళ్లు ఇస్తామంటున్నారు. మరి పోయిన రోజున నా అంతట నేను ఇంకోటి కొనుక్కోగలనా? పచ్చి దుంపలు నమిలిన పిల్లల మొహాలు కళ్ల ముందుకొచ్చాయి. కొనుక్కోలేను. నెలకో బుట్ట ఇవ్వగలనా? పిల్లలతో కలిసి ఒక పూట ఏరితే బుట్ట నిండుతుంది. ఇవ్వగలను. ఇచ్చేది బాగుచేసిన ఫోనైతేనేం, మోగితే చాలు.

పులుసు దించింది. బుట్ట నింపి తెచ్చి గోరింక ముందు పెట్టింది. ఒకరు కొన్నారని కొనలేదు, ఒకరు నవ్వారని మానలేదు.

అది చూసి అప్పలకొండకూ మనసు ఊగింది. "నన్నూ కట్టమంటావా చెల్లెమ్మా?" అన్నాడు.

మంగతాయి ఎదురు అడిగింది. "నీ ఫోను ఎక్కడుంటుందన్నా?"

"గుహలో, గూట్లో. నేను తేనెకు వెళ్లినా అది అక్కడే ఉంటుంది."

"అది పోతే నీ తిండి ఆగుతుందా?"

అప్పలకొండ బుర్ర గోక్కున్నాడు. ఆగదు. తేనె ఫోను చేస్తే రాదు, చెట్టెక్కితే వస్తుంది.

"మరి నీకెందుకన్నా బీమా? ఆ బుట్టేదో నెలనెలా నీ అటక మీదే పోసుకో. ఫోను పోతే దాంతో కొనుక్కుంటావు. పోకపోతే పప్పు నీదే."

గోరింక మొహం కాస్త చిన్నబోయింది. అయినా మాట సబబుగానే ఉందని ఒప్పుకుంది.

తరవాత మంగతాయి వీరాస్వామినీ పిలిచింది. వాడి ఫోను పొద్దున ఒక కొమ్మ మీద, మధ్యాహ్నం ఒక కొమ్మ మీద ఉంటుందని వీధికంతా తెలుసు. "తమ్ముడూ, నువ్వు నీళ్లంటే ఆమడ దూరం పరిగెత్తుతావు, నీ ఫోను తడవదు. నీది మరచిపోయే ఫోను. దానికి బీమా పనిచెయ్యదు, తాడు పనిచేస్తుంది," అని నారతో పేనిన మంచి తాడు చేతికిచ్చింది.

వీరాస్వామికి రోషం పొడుచుకొచ్చింది. "తాడు కట్టుకుని తిరగడానికి నేనేమన్నా గారడీవాడి కోతిననుకున్నావా అక్కా? బీమా కట్టినవాణ్ణి," అని తాడును ఆమె చూరుకే తగిలించి పోయాడు.

ఆనాటి నుంచి వాడికి పట్టపగ్గాల్లేవు. ఫోనును ఎక్కడ పడితే అక్కడ పెట్టేవాడు. ఎవరైనా జాగ్రత్త చెబితే, పోతే ఇస్తారులే అనేవాడు. మంగతాయి అలా కాదు. బీమా కట్టినా జాగ్రత్త మానలేదు. మైనం పూసిన సంచి కుట్టి, ఫోను అందులో పెట్టి, మూతి బిగించి మెడలో వేసుకునేది.

వానలు పట్టుకున్నాయి. ఒక మధ్యాహ్నం ఆమె క్యారియర్లతో వాగు నడుమ ఉండగా పైనుంచి ఎర్రనీళ్లు ఒక్కసారిగా దిగాయి. కొట్టుకొచ్చిన దుంగ ఒకటి భుజానికి తగిలింది. మునిగింది, తేలింది, మళ్లీ మునిగింది. క్యారియర్లు మాత్రం వదలలేదు. ఒడ్డున పడి మెడ తడుముకుంటే సంచి చిరిగిపోయి ఉంది. ఫోను అద్దం వెనకాల వాగు నీళ్లు ఊగుతున్నాయి. నొక్కింది. పలకలేదు.

పచ్చి దుంపల వాసన మళ్లీ ముక్కుకు తగిలినట్టయింది. కానీ ఈసారి కూర్చుని ఏడవలేదు. క్యారియర్లు ఇవ్వాల్సినవాళ్లకు ఇచ్చి, తడి ఫోనును మోదుగాకులో చుట్టుకుని, తిన్నగా ఆ ఒడ్డునే ఉన్న గోరింక గూటికి నడిచింది. జరిగింది జరిగినట్టు చెప్పింది. గోరింక ఫోనును వంచి చూసింది. ముక్కు మీద నీళ్లు పడ్డాయి.

"తడిసిపోయింది. ఇస్తాం," అంది.

అన్నమాట ప్రకారం, ఇంట్లో దుంపలు అయిపోకముందే బాగుచేసిన ఫోను తెచ్చింది. మంగతాయి పైన ఇవ్వాల్సిన బుట్ట ఇచ్చి, ఫోను కళ్లకు అద్దుకుంది. సరిగ్గా అప్పుడే వీధి అవతలి చివర నుంచి ఇంకో కేక.

"పోయింది! అయ్యో, పోయింది!"

వీరాస్వామి పరుగెత్తుకొస్తున్నాడు. వాడి వెనకాల అప్పలకొండ భుజాన కండువా వేసుకుని, తల వంచుకుని వస్తున్నాడు. వచ్చి వాడి భుజం మీద చెయ్యి వేశాడు.

"ఊరుకోరా. ఎవరమైనా ఒకనాటికి పోవాల్సినవాళ్లమే. ఇంతకీ ఎవరు, మీ మేనత్తేనా?"

"మేనత్త కాదు మామా, ఫోను," అన్నాడు వీరాస్వామి.

అప్పలకొండ కండువా తీసి మడత పెట్టుకున్నాడు. వీరాస్వామి గోరింక వైపు తిరిగి, తన ఫోను తనకిమ్మని చెయ్యి చాపాడు.

"పగిలిందా?" అంది గోరింక.

"లేదు."

"తడిసిందా?"

"లేదు. కొమ్మ మీద పెట్టాను. ఏ కొమ్మో గుర్తులేదు." ఒక్క క్షణం ఆగి గొంతు తగ్గించాడు. "పోనీ, తడిసిందనుకో."

"అయితే తడిసిన ఫోను చూపించు."

"ఎలా చూపిస్తాను? అది పోయిందిగా."

గోరింకకు జాలి వేసింది. అయినా మరచిపోతే ఇవ్వమన్న మాట నీ ముందే చెప్పాను కదయ్యా అంది. ఆరోజు కొమ్మ మీద నవ్వుతూ కూర్చున్నది తనేనని వీరాస్వామికి గుర్తొచ్చింది. మంగతాయి తన ఫోనుతో వాడి నంబరుకు చేసి చూసింది. చార్జింగు ఎప్పుడో అయిపోయినట్టుంది, స్విచ్ ఆఫ్ అని వచ్చింది. నెమలికంఠం రంగు ఫోనూ పోయింది, నెలనెలా పోసిన పప్పూ పోయింది. వీరాస్వామి చతికిలబడ్డాడు.

వేరేవాళ్లయితే చెప్పానా వినలేదా అని దెప్పేవాళ్లు. మంగతాయి ఆ మాటే ఎత్తలేదు. వాగు పొంగి ఉంది, తన భుజం ఇంకా నొప్పిగానే ఉంది. "తమ్ముడూ, వాగు మీదకు వంగిన కొమ్మలు నీకు తెలిసినట్టు ఎవరికీ తెలియవు. రేపటి నుంచి క్యారియర్లు నువ్వు దాటించు. వచ్చే కూలితో నీ ఫోను నువ్వే కొనుక్కుందువు గాని," అంది.

వీరాస్వామి లేచాడు. చూరుకు తగిలించిన తాడు అక్కడే ఉంది. ఎవరూ చెప్పకుండానే తీసుకుని నడుముకు కట్టుకున్నాడు.

"ఫోను లేదు కదరా, ఉత్త తాడెందుకు?" అన్నాడు అప్పలకొండ.

"ముందు తాడు అలవాటు కానీ మామా."

అందరూ నవ్వారు. అప్పలకొండ ఇంటికి వెళ్లి, అటక మీద పోగైన సారపప్పులోంచి ఒక బుట్టెడు, దాంతోపాటు ఒక తేనె కుండ మోసుకొచ్చాడు. తన ఫోను ఇంకా గూట్లో క్షేమంగానే ఉందట. మంగతాయి పెద్ద గిన్నె ఎక్కించి పాయసం కాచింది. పిల్లలిద్దరూ మోదుగాకు విస్తళ్లు పరిచారు. వీరాస్వామి నీళ్లు పెట్టాడు. గోరింకకూ పీట వేశారు.

అంతలో ఫోను మోగింది. అవతలి ఒడ్డు కుందేలు. మంగతాయి తడిచెయ్యి కొంగుకు తుడుచుకుని, "తప్పకుండా వండుతాను. కాస్త ఆగండి, మేమంతా ఇప్పుడే భోజనాలకు కూర్చుంటున్నాం," అంది. ఫోను మెడలో వేసుకుని, పిల్లల మధ్య తనూ కూర్చుంది. వేడి సంగటి మీద పులుసు పడింది.

నీతి: నీకు రాగల నష్టం ఏదో ముందు నువ్వు తెలుసుకో; ఎదుటివారు ఇచ్చే భరోసా ఆ నష్టానికి సరిపోతుందో లేదో అడిగి, అప్పుడు కొను.