కరెంటు పలక, మెత్తని పాదం

అనగనగా అంటే మరీ ఎప్పుడో కాదు, అడవికి కూడా కరెంటు వచ్చిన రోజుల్లో, పాలపిట్టల కోనలో ఒక కొలను ఉండేది. దానికి రాజు హంస.

వేసవి వస్తే కొలనంతా బురదే. ఒక్క లోతుమడుగులోనే నీళ్లు నిలిచేవి. అది చిన్నది, ఒక్క కుటుంబానికే సరిపోతుంది. అందుకని ఏటా వేసవికి ముందే ఈతపందెం పెట్టేవారు. గెలిచినవారికి మడుగు, మిగిలినవారికి కొండ దాటి నడక.

ఎవరు ముందొచ్చారని ఏటా తగువే. ఈసారి హంసరాజు గమ్యం దగ్గర, మడుగు అంచున, ఈదేవారికి తలో కరెంటు పలక, తలో గడియారం పెట్టించాడు. పలకను తాకితే గడియారం ఆగుతుంది.

చివరి పందేనికి ఇద్దరే మిగిలారు, తరంగుడనే నీటికుక్క, సిరిచిప్ప అనే తాబేలు పిల్ల. సిరిచిప్పకు ముగ్గురు చిట్టి తమ్ముళ్లు. కొండ దాటే కాళ్లు కావు వాళ్లవి.

ఇద్దరూ పక్కపక్కనే ఈదారు. తరంగుడి ఈత గాలికి ఊగే పట్టుపైటలా ఉంటుంది. సిరిచిప్పకు ఆ ఈతంటే ప్రాణం. గమ్యం దగ్గర కూడా దాని చూపు తరంగుడి పాదం మీదే ఉంది. ఆ పాదం పువ్వును తాకినంత మెల్లగా పలకను తాకింది. ఆ తర్వాతే సిరిచిప్ప డిప్ప తన పలకకు ఠంగుమని తగిలింది.

సిరిచిప్ప గడియారం ఆగింది. తరంగుడిది తిరుగుతూనే ఉంది.

"ఏం బావా, పలకను తాకావా, ముద్దాడావా?" అని కప్ప ఎకసెక్కమాడింది.

తరంగుడు తానే ముందన్నాడు. రాజు మొదట గడియారాలను చూశాడు. అవి సిరిచిప్పే గెలిచిందన్నాయి. తర్వాత గమ్యం దగ్గర నిలబడి చూసిన కొంగతాతను అడిగాడు. నీళ్లు చిందాయి, కళ్లకేమీ ఆనలేదని తాత తల గోక్కున్నాడు. చివరికి సిరిచిప్పను పిలిచాడు.

గట్టు మీద పెద్దతమ్ముడు అప్పటికే మడుగులో మూతి ముంచి చూస్తున్నాడు. సిరిచిప్ప వాడి వైపు ఒకసారి చూసి, రాజు వైపు తిరిగింది.

"ప్రభూ, ముందు తాకింది తరంగుడే. నేను చూశాను. పలక అబద్ధం చెప్పలేదు, గట్టిగా తట్టేవాళ్లే దానికి వినబడతారు. కావాలంటే ఇంకోసారి తాకించి చూడండి."

తరంగుడు అలాగే మెల్లగా తాకాడు. గడియారం ఆగలేదు, తిరుగుతూనే ఉంది.

హంసరాజు తీర్పు చెప్పాడు.

"మడుగు తరంగుడిదే. కానీ ఇకమీదట పలక పక్కన కనిపెట్టి చూసే కన్ను ఒకటి కావాలి. తన ఇల్లు పోతుందని తెలిసీ నిజం చెప్పిన కన్ను కన్నా నాకు మంచిది దొరకదు. పలకలున్నది మడుగు అంచునే. కాబట్టి న్యాయాధికారి కాపురమూ అక్కడే, తమ్ముళ్లతో సహా."

ఇరుకవుతుందేమోనని సిరిచిప్ప నసిగింది. తరంగుడు పక్కకు జరిగి, చిన్నతమ్ముణ్ణి వీపు మీద ఎక్కించుకున్నాడు.

కాబట్టి పిల్లలూ, ఎంత మంచి యంత్రమైనా తనకు తగిలినదే చెబుతుంది. తనకు నష్టమైనా చూసినది చూసినట్టు చెప్పేవారి మాటే న్యాయానికి దిక్కు.