ఎవరే వచ్చెళ్ళింది?

ఒకప్పుడు సముద్రం ఒడ్డున నల్ల ఇసక ఇప్పటిలా ఉండేది కాదు. సూదంటురాయి ఒక్కసారి తగిలితే చాలు, రేణువులన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని ముద్దకట్టేసేవి. రాయి వెళ్ళిపోయినా విడిచేవి కావు.

వాటిల్లో నలుసు అని ఒకటుండేది. ఎంత చిన్నదంటే, చీమ కంట్లో పడినా చీమ కన్ను నులుముకోదు. దానికి నిలకడ లేదు. ఇటు తిరిగేది, అటు తిరిగేది, తల్లకిందులయ్యేది. ఒక దిక్కు చూసి నిలబడలేవుటే అని పెద్ద రేణువులు తిట్టిపోసేవి. నిలబడదామనే చూసేది నలుసు. ఒళ్ళు ఊరుకుంటేగా!

ఆ ఒడ్డునే ఉన్న ఊళ్ళో మగ్గం నేసే అసిరమ్మ మనవరాలు పారికి ముల్లు దిగి మోకాలి లోపల పుండు పడింది. పైన ఎంత పసరు రాసినా లోపలికి దిగట్లేదు. ఇలాగే వదిలేస్తే కాలు పోతుందన్నారు చూసినవాళ్ళు.

సూదంటురాయి మీసం మెలేసింది. రాయికి మీసమేంటని అడక్కండి, ఆ రోజుల్లో ఉండేది. పసరు మోసుకుని ఎవరైనా నెత్తుట్లోకి దిగితే, మోకాలి దాకా తను లాక్కొస్తానంది.

పెద్ద రేణువులు ఎగబడి దిగాయి. రాయి పిలవగానే మోకాలికి చేరాయి. చేరి, ఒకదాన్నొకటి పట్టేసుకున్నాయి. రాయిని తీసేసినా వదల్లేదు. దారి మూసుకుపోయి పారి కాలు నీలంగా మారింది. నెత్తురుకి ఒళ్ళు మండి, ఎవరో పరాయివాళ్ళంటూ వాటిని వచ్చిన దారినే గెంటేసింది.

ఇక మిగిలింది నలుసూ, దాని తోటి నలుసులూ.

అసిరమ్మ గంజి తెచ్చింది. మగ్గం మీద పడుగు దారాలకి గంజి పెట్టకపోతే పోగుకి పోగు అంటుకుని చిక్కుపడుతుందని ఆవిడకి తెలుసు. నలుసులకీ అలాగే గంజి పూసి, పైన పసరద్దింది.

"కదలకే, చంపుతున్నావు నన్ను" అని విసుక్కుంటూనే పూసింది.

నెత్తురు వాటిని ఆపి వాసన చూసింది. "గంజి తాగే ఇల్లే ఇది. మనోళ్ళే, పోండి" అంది.

రాయిని పారి మోకాలి మీద పెట్టారు. నలుసులు పరుగో పరుగు. పసరు దింపేశాయి. రాయిని తీశారు. అంతే, నలుసు గిర్రున తిరిగి, ఎవరు పిలిచారో మర్చిపోయి నెత్తుటితో కొట్టుకుపోయింది. మిగతావీ అంతే. ముద్ద లేదు, అడ్డు లేదు. నాలుగు రోజుల్లో పారి మేకల వెనక పరిగెడుతోంది.

సూదంటురాయికి మాత్రం మనసు చివుక్కుమంది. ఓ రోజు పారి పక్కన చేరి, "ఏమే, నన్ను మర్చిపోయావా?" అని అడిగింది.

నలుసు లోపల్నుంచి ఎగిరొచ్చింది. "నిన్నా? నిన్నెలా మర్చిపోతాను?"

రాయి మురిసిపోతూ అటు వెళ్ళింది.

"ఎవరే వచ్చెళ్ళింది?" అని పక్కదాన్ని అడిగింది నలుసు.

అప్పటినుంచే ఒడ్డున ఆ మెత్తటి నల్ల ఇసక, సూదంటురాయి దగ్గరికొస్తే ఎగిరి అంటుకుంటుంది, అవతలికెళ్తే మర్చిపోయి చెదిరిపోతుంది. ఎప్పుడైనా పెదవి కొరుక్కుంటే ఇనుము రుచి తగుల్తుంది చూడండి, అది నలుసే. ఇంకా నిలబడలేదు.